రొయ్యల గుంట గట్టు మీద రియాక్ట్ 19: నా యాప్‌లో పచ్చ టిక్ ఎందుకు అబద్ధం చెప్పింది?

ఇక్కడ మీరు ఎక్కువగా చదివేది ఫోన్ల గురించి. ఈసారి ఫోన్‌ని పక్కనపెట్టి, దాని బ్రౌజర్‌లో నడిచే ఒక చిన్న వెబ్ యాప్ గురించి రాస్తున్నా. రాసింది నేనే. రియాక్ట్ 19లో వచ్చిన కొత్త ఫీచర్లు చూసి ముచ్చటపడి, వీకెండ్లలో కూర్చుని రాశా. వాటిలో ఒక ఫీచర్‌ని నేను తప్పు చోట వాడినందుకు మా చిన్నాయన రొయ్యల గుంటలో ఒక పూట మేత రెండుసార్లు పడింది. అది చిన్న విషయం అనుకునేవాళ్లు రొయ్యలు పెంచేవాళ్లని ఎవరినైనా ఒకసారి అడిగి చూడండి.

మాది మైపాడు దగ్గర. నెల్లూరు నుంచి తూర్పుకి సుమారు పాతిక కిలోమీటర్లు, ఇందుకూరుపేట మండలం. బీచ్‌కి వచ్చేవాళ్లు సముద్రం చూసి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. రోడ్డు దిగి లోపలికి వెళ్తే అన్నీ గుంటలే. పగలూ రాత్రీ తిరిగే ఏరేటర్లు, గట్ల మీద రేకుల షెడ్లు. మా నాన్నవాళ్ల తరం 1990ల్లో టైగర్ రొయ్యతో బాగా చూసింది, తెల్లమచ్చ వైరస్‌తో బాగా పోగొట్టుకుంది కూడా. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక మళ్లీ గుంటలు నిండాయి. చిన్నాయనకి మూడు గుంటలున్నాయి.

ఈ పని దగ్గర నుంచి చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. రోజుకి నాలుగు పూటలు మేత వెయ్యాలి. వేసిన గంటా రెండు గంటలకి చెక్ ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూసి, తర్వాతి పూట ఎంత వెయ్యాలో తేల్చుకోవాలి. నీళ్లలో ఆక్సిజన్, పీహెచ్, ఉప్పుశాతం రాసుకోవాలి. మొత్తం ఖర్చులో సగం దాకా మేతదే. తక్కువ వేస్తే రొయ్య ఎదగదు. ఎక్కువ వేస్తే మిగిలింది అడుగున కుళ్లి, ఆ కుళ్లు ఆక్సిజన్‌ని తినేస్తుంది. మామూలుగానే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. అది 4 పీపీఎం పైన ఉంటే నిద్రపడుతుంది, 3 కిందకి వస్తే చెప్పులు వేసుకునే టైం కూడా ఉండదు.

ఇదంతా చిన్నాయన ఒక పొడుగు నోట్‌బుక్‌లో రాయిస్తాడు. చిక్కేంటంటే నోట్‌బుక్ షెడ్డులో ఉంటుంది, చిన్నాయన సగం రోజులు నెల్లూరులో ఉంటాడు. గట్టు మీద ఉండేది కాపలా అన్న, సాయంత్రాలు మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు. ఒకరు రాసింది ఇంకొకరికి కనపడాలంటే ఫోన్ చేసి అడగాలి. ముగ్గురి దగ్గరా ఫోన్లు ఉన్నాయి కదా, ఒక యాప్ రాసిపెడితే పోలా అని నేనే ముందుకొచ్చా. ఎవరూ అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఎందుకు రియాక్ట్ 19?

రియాక్ట్‌ని 2013లో ఫేస్‌బుక్ ఓపెన్ సోర్స్ చేసింది. అది ఫ్రేమ్‌వర్కా, లైబ్రరీనా అని వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ గొడవ మనకొద్దు. 18వ వెర్షన్ 2022 మార్చిలో వస్తే, 19 స్టేబుల్ అయింది 2024 డిసెంబర్ 5న. రెండున్నరేళ్లకి పైగా గ్యాప్. అందులో నన్ను లాగింది ఒక్కటే: ఫామ్‌లు.

రియాక్ట్‌లో ఫామ్ రాసినవాళ్లకి తెలుసు ఆ చాకిరీ. లోడింగ్‌కి ఒక స్టేట్, ఎర్రర్‌కి ఒక స్టేట్, బటన్ రెండుసార్లు నొక్కకుండా ఒక కాపలా. 19లో వీటన్నిటికీ యాక్షన్స్ అనే పద్ధతి వచ్చింది. ఫామ్‌కి నేరుగా ఒక ఫంక్షన్ ఇచ్చేస్తే చాలు. పని జరుగుతోందా లేదా, ఫలితం ఏమిటి అన్నది యూజ్‌యాక్షన్‌స్టేట్ అనే హుక్ చెప్తుంది. లోపల ఎక్కడో ఉన్న బటన్‌కి కూడా ఫామ్ పంపుతోందన్న సంగతి యూజ్‌ఫామ్‌స్టేటస్ ద్వారా తెలుస్తుంది. నా మేత ఫామ్ కోడ్ దాదాపు సగానికి తగ్గింది.

ఇక మూడోది, యూజ్‌ఆప్టిమిస్టిక్. పేరులోనే ఉంది, ఆశావాది. సర్వర్ జవాబు వచ్చేదాకా ఆగకుండా, పని అయిపోయినట్టే స్క్రీన్ మీద చూపించేస్తుంది. యాక్షన్ నడుస్తున్నంతసేపూ ఆ ఊహించిన విలువ కనిపిస్తుంది. యాక్షన్ ముగిశాక అసలు విలువ దాని చోటికి వస్తుంది. ఫెయిలైతే పాత విలువకి వెనక్కి వెళ్తుంది. మీరు లైక్ కొట్టగానే గుండె ఎర్రబడేది ఇలాంటి ఏర్పాటుతోనే. ఇంతకుముందు చేత్తో రాసుకునేవాళ్లం, ఇప్పుడు రియాక్టే ఇస్తోంది.

గట్టు మీద సిగ్నల్ ఒక గీత, ఒక్కోసారి అదీ ఉండదు. కాపలా అన్న సేవ్ నొక్కి తిరుగుతున్న చక్రం చూస్తూ ఎండలో నిలబడాలా? యూజ్‌ఆప్టిమిస్టిక్ ఇలాంటి చోటికే పుట్టిందనుకున్నా. నొక్కగానే ఎంట్రీ లిస్టులోకి వచ్చేలా, పక్కన పచ్చ టిక్ పడేలా రాశా. రియాక్ట్ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన ఉదాహరణలో అలాంటి ఎంట్రీ పక్కన 'పంపుతోంది' అని చిన్న అక్షరాలు ఉంటాయి. నాకు అది అందంగా అనిపించలేదు. తీసేసి టిక్ పెట్టా.

ఇంట్లో వైఫై మీద అద్భుతంగా ఉంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూశా, వెంటనే ఎర్రర్ చూపించింది. ఆఫ్‌లైన్ కూడా టెస్ట్ చేసేశానని నా ధీమా.

ఆ సాయంత్రం

పోయిన వేసవి పంట. రెండో గుంటకి పూటకి 15 కిలోలు నడుస్తోంది. సాయంత్రం ఆరింటికి కాపలా అన్న మేత వేసి, ఫోన్‌లో 15 అని కొట్టి సేవ్ నొక్కాడు. పచ్చ టిక్ పడింది. ఫోన్ జేబులో పెట్టుకుని మూడో గుంట మోటార్ చూడటానికి వెళ్లాడు. ఏడింటికి తమ్ముడు వచ్చాడు. వాడి ఫోన్‌లో రెండో గుంటకి ఆరు గంటల మేత లేదు. అన్న దూరంగా ఉన్నాడు. మర్చిపోయి ఉంటాడులే అని ఇంకో 15 కిలోలు వేసేశాడు.

చెక్ ట్రేలో మేత నిండా మిగిలి ఉండటం చూసి రాత్రి తొమ్మిదికి అనుమానం వచ్చింది. అప్పటికి చేసేదేముంది? చిన్నాయన నెల్లూరు నుంచి బండి వేసుకుని వచ్చేశాడు. ఉన్న ఏరేటర్లన్నీ ఆన్ చేసి, తెల్లారే దాకా గంటకోసారి మీటర్ ముంచి చూస్తూ కూర్చున్నారు. నాలుగున్నరకి 3.2 చూపించింది. గట్టు వారన రొయ్యలు పైకి తేలడం మొదలైంది. ఎండ పడ్డాక మెల్లగా పైకెక్కింది. కొన్ని పోయాయి, పంట నిలిచింది.

పొద్దున నాకు ఫోన్. "ఏరా అబ్బయా, నీ యాప్‌లో టిక్ పడిందంటాడు అన్న. లేదంటాడు తమ్ముడు. ఎవుడి మాట నమ్మాల నేను?"

ఇద్దరూ నిజమే చెప్పారు. అబద్ధం చెప్పింది నేను రాసిన టిక్.

"నోట్‌బుక్కు అయితే ఇట్ట చెయ్యదు గదా" అని పెట్టేశాడు.

అసలు జరిగిందేమిటి

ఆ ఆదివారం ఊరికెళ్లి కాపలా అన్న ఫోన్ తీసుకుని, అదే గట్టు మీద నిలబడి ట్రై చేశా. 3 జీబీ ర్యామ్ ఫోన్, పాతది. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ చూస్తే విషయం అర్థమైంది.

ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో బ్రౌజర్‌కి నెట్ లేదని తెలుసు, కాబట్టి రిక్వెస్ట్ ఆ క్షణమే ఫెయిలవుతుంది. గట్టు మీద అలా ఉండదు. ఒక గీత సిగ్నల్ ఉంటుంది, ఫోన్ నెట్ ఉందనే అనుకుంటుంది. బ్రౌజర్‌ని ఆన్‌లైన్‌లో ఉన్నావా అని కోడ్‌లో అడిగినా ఉన్నాననే అంటుంది. నెట్‌వర్క్‌కి తగులుకుని ఉందా లేదా అన్నంతవరకే దానికి తెలుసు, డేటా అవతలికి వెళ్తోందో లేదో తెలియదు. రిక్వెస్ట్ బయల్దేరి గాల్లో వేలాడుతుంది. ఫెచ్‌కి మనం టైమ్‌అవుట్ పెట్టకపోతే అది తొందరగా చేతులెత్తెయ్యదు. నేను పెట్టలేదు.

రిక్వెస్ట్ వేలాడుతోందంటే యాక్షన్ ఇంకా నడుస్తోందని అర్థం. యాక్షన్ నడుస్తోంది కాబట్టి ఆ ఊహించిన ఎంట్రీ, దాని పక్కన పచ్చ టిక్ అలాగే ఉన్నాయి. అన్న ఫోన్ లాక్ చేసి జేబులో పెట్టుకున్నాడు, తర్వాత ఎవరికో కాల్ చేశాడు, పాటలు పెట్టుకున్నాడు. ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ ఆ ట్యాబ్‌ని మెమరీలోంచి తీసేసింది. యూజ్‌ఆప్టిమిస్టిక్ పట్టుకుని ఉన్నదంతా మెమరీలోనే. ట్యాబ్‌తో పాటు ఎంట్రీ పోయింది. మళ్లీ తెరిస్తే పేజీ కొత్తగా లోడవుతుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. 15 కిలోలు అక్కడ ఎప్పుడూ లేనట్టే.

యూజ్‌యాక్షన్‌స్టేట్‌లోనూ ఒక మెలిక ఉంది. వరసగా పంపిన యాక్షన్లని అది క్యూలో పెట్టి ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది. మామూలుగా అది మంచిదే, వరస తప్పదు. కానీ మొదటిది వేలాడితే దాని వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. మొదటిది ఎర్రర్ విసిరితే వెనకవి రద్దవుతాయి. అంటే ఆ సాయంత్రం అన్న మూడు గుంటల మేత వరసగా కొట్టి ఉంటే మూడూ పోయేవి.

ఇందులో రియాక్ట్ తప్పు వెతకడానికి నేనూ కాసేపు ప్రయత్నించా. దొరకలేదు. ఆ ఫీచర్ చెప్పింది చెప్పినట్టే చేసింది. అది తెర మీద వేగం ఇస్తానంది, దాచిపెడతానని ఎక్కడా అనలేదు. 'పంపుతోంది' అనే ఆ చిన్న అక్షరాలు తీసేసిన చెయ్యి నాది.

ఇప్పుడు ఎలా రాశానంటే

వరస మార్చా. సేవ్ నొక్కగానే యాక్షన్ చేసే మొదటి పని ఎంట్రీని ఫోన్‌లోనే ఇండెక్స్‌డ్‌డీబీలో రాయడం. అది బ్రౌజర్‌లో ఉండే డేటాబేస్, ట్యాబ్ పోయినా ఉంటుంది, ఫోన్ స్విచాఫ్ అయి ఆన్ అయినా ఉంటుంది. అక్కడ రాయడం కంటిరెప్ప పాటు పని. అది అవ్వగానే యాక్షన్ అయిపోయినట్టే. సర్వర్‌కి పంపడం ఫామ్‌తో సంబంధం లేని వేరే క్యూ. పది సెకన్లలో జవాబు రాకపోతే ఆ రిక్వెస్ట్‌ని రద్దు చేసి, కాసేపాగి మళ్లీ పంపుతుంది. యాప్ తెరిచిన ప్రతిసారీ పంపనివి ఏమైనా మిగిలాయా అని చూసుకుంటుంది.

ఇక్కడ ఇంకో గుంత ఉంది, చాలామంది ఇందులో పడతారు. రిక్వెస్ట్ సర్వర్‌కి చేరి, జవాబు మాత్రం దారిలో పోతే? ఫోన్ మళ్లీ పంపుతుంది, సర్వర్‌లో 15 కిలోలు రెండుసార్లు పడుతుంది. అందుకని ఎంట్రీ పుట్టినప్పుడే ఫోన్ దానికి ఒక యూయూఐడీ ఇస్తుంది. అదే నంబర్ రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా రాయకుండా 'అందింది' అని మాత్రం చెప్తుంది.

గుర్తులు మూడు పెట్టా. గడియారం బొమ్మ ఉంటే ఫోన్‌లో ఉంది, ఇంకా వెళ్లలేదు. పచ్చ టిక్ ఉంటే సర్వర్ నోటితో చెప్పింది. ఎర్ర గీత ఉంటే గంట దాటినా వెళ్లలేదు, ఫోన్ పట్టుకుని రోడ్డు దాకా నడువు. మూడోది కాపలా అన్న చెప్పిన ఐడియా. షెడ్డు నుంచి తారురోడ్డు వైపు కొంచెం నడిస్తే సిగ్నల్ వస్తుందని ఆయనకి తెలుసు, నాకు తెలియదు. తమ్ముడికి కూడా ఒక రూల్ చెప్పాం: ఫోన్‌లో కనపడలేదని మేత వెయ్యకు, ముందు ట్రే లాగు.

టెస్ట్ చేసే పద్ధతి కూడా మార్చా, ఇది మీకూ పనికొస్తుంది. సర్వర్‌లో ఒక డమ్మీ రూట్ పెట్టి, రిక్వెస్ట్ తీసుకుని ఎప్పటికీ జవాబివ్వకుండా వదిలేశా. దానికి ఎంట్రీ పంపి, మధ్యలో ట్యాబ్‌ని చంపి, మళ్లీ తెరిచి చూడటం. మీ యాప్ ఎంత నిజాయితీపరురాలో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

మరి యూజ్‌ఆప్టిమిస్టిక్? మేత, ఆక్సిజన్ ఎంట్రీల నుంచి తీసేశా. గుంట పేరు మార్చడం, ఫోటోకి నక్షత్రం పెట్టడం లాంటి చోట ఉంచా. అవి పోయినా ఎవరికీ నిద్ర పోదు. నా లెక్క ప్రకారం అది లైకులకి, చాట్‌కి, టూడూ లిస్టులకి చక్కటి ఫీచర్. ఇంకొకరు ఆ అంకె చూసి చేత్తో ఏదో ఒక పని చేస్తారు అనే చోట దాన్ని ఒంటరిగా వదలకండి.

మిగతా కొత్తవి గబగబా

ఫామ్ రీసెట్ గురించి ముందే చెప్పాల్సింది. యాక్షన్ ఎర్రర్ విసరకుండా ముగిస్తే, రియాక్ట్ 19 ఆ ఫామ్‌లోని అన్‌కంట్రోల్డ్ ఇన్‌పుట్లని తనే ఖాళీ చేస్తుంది. మీరు 'పీహెచ్ 78 ఉండదు, సరిచూడండి' అని తప్పుని ఫలితంగా వెనక్కి పంపినా, రియాక్ట్ లెక్కలో అది విజయమే. ఆరు గడులూ ఖాళీ. తడి వేళ్లతో అవన్నీ మళ్లీ కొట్టాలంటే చిన్నాయన ఏమంటాడో ఇక్కడ రాయలేను. వచ్చిన విలువల్ని కూడా ఫలితంతో పాటు వెనక్కి పంపి, డిఫాల్ట్ వ్యాల్యూలుగా పెట్టుకుంటే సరి.

రియాక్ట్ కంపైలర్ 1.0 2025 అక్టోబర్‌లో వచ్చింది. నాకైతే ఈ మొత్తంలో నిజంగా తేడా కనిపించింది దీనితోనే. ఏది మారిందో అది మాత్రమే మళ్లీ గీసేలా మెమోయిజేషన్‌ని అదే పెట్టేస్తుంది, యూజ్‌మెమోలు మనం చేత్తో రాయక్కర్లేదు. నా స్క్రీన్‌లో ఫామ్ కింద నెల రోజుల పట్టిక ఉంటుంది. మునుపు ఒక్కో అంకె కొట్టినప్పుడల్లా పట్టికంతా మళ్లీ గీసుకునేది, అన్న ఫోన్‌లో అంకె నొక్కాక కనపడటానికి ఆలస్యమయ్యేది. నా ల్యాప్‌టాప్‌లో ఇది ఎప్పుడూ తెలియలేదు. కంపైలర్ పెట్టాక ఆ నత్తనడక పోయింది. రియాక్ట్ రూల్స్ తప్పి రాసిన కాంపొనెంట్లని అది ముట్టుకోకుండా వదిలేస్తుంది, కాబట్టి ఈఎస్‌లింట్ ప్లగిన్ కూడా పెట్టుకుని అవేవో చూసుకోండి. నావి రెండు దొరికాయి. రియాక్ట్ 17, 18 మీద ఉన్నవాళ్లు కూడా దీన్ని వాడుకోవచ్చు.

అదే నెలలో వచ్చిన 19.2లో యాక్టివిటీ అనే కాంపొనెంట్ ఉంది. ఒక ట్యాబ్‌ని దాచినా అందులో సగం కొట్టిన అంకెలు పోవు. మొదటి గుంట రీడింగ్ కొడుతూ రెండో గుంటకి వెళ్లి చూసి రావచ్చు. ఇదీ మెమరీలోనిదే అని ఈసారి నాకు గుర్తుంది, దాని మీద టిక్కులేమీ పెట్టలేదు.

ఇంకొకటి, కాస్త సీరియస్. 2025 డిసెంబర్ 3న రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్స్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది. రియాక్ట్‌టూషెల్ అని పిలుస్తున్నారు. లాగిన్ కూడా లేకుండా సర్వర్ మీద బయటివాళ్లు కోడ్ నడిపించగలిగేంతది, తీవ్రత స్కోరు పదికి పది. సర్వర్ కాంపొనెంట్స్ వాడుతూ 19.0, 19.1 లేదా 19.2 తొలి వెర్షన్ల మీద ఎవరైనా ఉంటే ఈ ఆర్టికల్ ఆపి ముందు అప్‌డేట్ చేసుకోండి. నెక్స్ట్.జేఎస్ యాప్ రూటర్ వాడేవాళ్లకీ ఇదే మాట. నాది బ్రౌజర్‌లో మాత్రమే నడిచే రియాక్ట్ కాబట్టి దీని దెబ్బ తగల్లేదు. తెలివితో కాదు, అంత పెద్ద సెటప్ నాకు అక్కర్లేకపోవడం వల్ల. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంకో మాట: క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో పక్కనపెట్టేశారు. పాత యూట్యూబ్ వీడియోలు చూసి దానితో మొదలుపెట్టకండి. నేను వీట్ వాడుతున్నా.

ప్రస్తుతానికి

కొత్త వెర్షన్ పెట్టి చూపించడానికి వెళ్లినప్పుడు చిన్నాయన నా మొహం చూడకుండా ఫోన్ మాత్రం చూశాడు.

"ఈ గడియారం బొమ్మ ఏంది?"

"రాసింది ఫోన్లో ఉంది, ఇంకా నీ దాకా రాలేదు చిన్నాయనా."

"మరి ఇది ముందే పెట్టలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. అందంగా లేదని తీసేశానని ఎలా చెప్తాం?

నోట్‌బుక్ మళ్లీ షెడ్డులోకి వచ్చింది, వెళ్లలేదు. అన్న రెండింట్లోనూ రాస్తున్నాడు. చిన్నాయన వారానికోసారి రెండూ పక్కపక్కన పెట్టి వేలితో వరసగా చూస్తాడు. ఈ పంట పట్టుబడి అయ్యేదాకా ఇలాగే అన్నాడు, నేను సరేనన్నా.

ఒక తలనొప్పి మిగిలింది. తమ్ముడు సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొంటానంటున్నాడు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో యాప్ మూసేసినా నెట్ రాగానే మిగిలినవి పంపే బ్యాక్‌గ్రౌండ్ సింక్ ఉంది. సఫారీలో లేదు. పైగా హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేసుకోని సైట్‌ని వారం రోజులు వాడకపోతే, అది దాచుకున్న డేటాని సఫారీ తుడిచేస్తుంది. అంటే వాడి ఫోన్‌లో గడియారం బొమ్మ ఉన్న ఎంట్రీలకి వేరే దారి చూడాలి. డబ్బులిచ్చే ముందు ఒక సాయంత్రం ఆ ఫోన్ గట్టు మీదకి తీసుకురమ్మన్నా, ఆరు గంటల మేత టైంకి.